బొమ్మలో పెద్దపీట ఎవరికి?

మన సంఘాల్లో, మన ఇళ్లలో బొమ్మలు వేసే పిల్లలకు కొదవ లేదు. నోటుపుస్తకం చివరి పేజీల్లో మొదలుపెడతారు. స్కూలు పోటీలకు డ్రాయింగ్ షీట్ల మీద వేస్తారు. క్రిస్మస్ నాటికకు వెనక తెర కావాలంటే పెద్దలు వారినే పిలుస్తారు. అయితే వీరిలో చాలామంది పదో తరగతి దాటేసరికి కుంచె పక్కన పెట్టేస్తారు. చదువుల ఒత్తిడి ఒక కారణమే. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మనసులో అనుకున్న దృశ్యం ఒకటి, కాగితం మీదికి వచ్చింది మరొకటి. రెండుసార్లు, మూడుసార్లు దిద్దినా అది బాగుపడదు. చివరకు ఆ కాగితాన్ని చింపి, "నాకు చేతకాదు" అని లేచిపోతారు.

ఈ వ్యాసం అలాంటి పిల్లల కోసం, వారి తల్లిదండ్రుల కోసం. కుదరని బొమ్మ చేతకానితనానికి గుర్తు కాదు. పేరు పొందిన చిత్రకారులు కూడా కుదరని బొమ్మలతో నెలల తరబడి కుస్తీ పట్టారు. వారు ఏం చేశారో తెలుసుకుంటే మనకూ దారి దొరుకుతుంది.

అన్నీ ఉన్నాయి, ఏదో లేదు

మన పిల్లలు వేసే పల్లె దృశ్యం మీకు తెలిసిందే. రెండు కొండలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు, ఎగిరే పక్షులు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ముందు ఏరు, ఏటిలో పడవ. ఒక్కొక్కటి విడిగా చూస్తే బాగానే ఉంటుంది. మొత్తంగా చూస్తే మాత్రం కన్ను ఎక్కడా నిలవదు. సూర్యుడు పిలుస్తాడు, గుడిసె పిలుస్తుంది, పడవ పిలుస్తుంది. పెళ్లిపందిట్లో పదిమంది ఒకేసారి మాట్లాడితే ఒక్కరి మాటా వినబడనట్టు, బొమ్మలో పది వస్తువులు ఒకే గొంతుతో పలికితే ఏదీ మనసుకు అందదు.

అప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? ఏదో లోటుగా ఉందనుకుని ఇంకొక చెట్టు చేరుస్తాడు. ఒక ఆవును నిలబెడతాడు. లోటు ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే అక్కడ వస్తువులు తక్కువై కాదు, ఏ వస్తువుకు పెద్దపీట వేయాలో తేలకపోవడం వల్ల బొమ్మ చెడింది.

మిల్లు యజమాని కొడుకు

రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇదే చిక్కుతో పోరాడిన చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్. పేరు చూసి పోలీసు ఉద్యోగి అనుకోకండి! అది ఆయన ఇంటిపేరు. 1776లో సఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్గోల్ట్ అనే పల్లెలో పుట్టారు. తండ్రికి స్టౌర్ నది మీద పిండిమిల్లులు, ధాన్యం వ్యాపారం, సరుకులు మోసే పడవలు ఉండేవి. కొడుకు కూడా కొంతకాలం ఆ వ్యాపారంలో పనిచేసి, 1799లో లండన్‌లోని రాయల్ అకాడమీ పాఠశాలలో చేరారు.

ఆయనకు రాజులూ యుద్ధాలూ అక్కరలేకపోయాయి. తండ్రిగారి మిల్లు, కాలువ, లాకులు, పాత కంచెలు, తడి గడ్డి, మబ్బులు ఇవే ఆయన వస్తువులు. ఆ రోజుల్లో వాటిని గొప్ప చిత్రాలకు తగిన విషయాలుగా చాలామంది ఎంచలేదు. అందుచేత 1819 నుంచి ఆయన తన ఊరి నదిని ఆరడుగుల వెడల్పు గుడ్డల మీద చిత్రించడం మొదలుపెట్టారు. మొదటి చిత్రం 'వైట్ హార్స్'. దానిని ఆయన స్నేహితుడు, దైవసేవకుడు అయిన జాన్ ఫిషర్ 100 గినీలకు కొన్నారు.

పెద్ద గుడ్డతో పాటు పెద్ద చిక్కు కూడా వచ్చింది. చిన్న కాగితం మీద చూపు సులభంగా నిలుస్తుంది. ఆరడుగుల మేర చెట్లు, నీళ్లు, పడవలు, మనుషులు, ఆకాశం పరిచినప్పుడు కన్ను ఎక్కడ నిలవాలి? దీనికి కాన్‌స్టబుల్ కనిపెట్టిన ఉపాయం చాలా శ్రమతో కూడినది. అసలు చిత్రానికి ముందు అదే కొలతలో మరొక చిత్రాన్ని తైలవర్ణాలతో చకచకా వేసేవారు. అది అమ్మకానికి కాదు, ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి మాత్రమే.

తెరచాప తీసేశారు

అంత చేసినా అసలు చిత్రం వేసేటప్పుడు మళ్లీ మార్పులు తప్పలేదు. 1822లో 'స్టౌర్ నది, డెడమ్ సమీపం' అనే చిత్రాన్ని అకాడమీ ప్రదర్శనకు సిద్ధం చేస్తున్నారు. ప్రదర్శన మే నెలలో. ఏప్రిల్‌లో ఆయన ఫిషర్‌కు ఉత్తరం రాస్తూ, మీరు చూసిన అమరిక దాదాపు పూర్తిగా మారిపోయిందని తెలియజేశారు. పడవ తెరచాపను తీసేశారు. మధ్యలో మరొక పడవను చేర్చి అందులో ముఖ్యమైన మనిషి నొకనిని నిలిపారు. చెట్ల గుంపును మార్చారు. వంతెనను పూర్తిగా కనబడేలా వేశారు. ఇప్పుడు చిత్రానికి నిండైన మధ్యభాగం వచ్చిందని, కుడివైపు భాగం దానికి తోడుగా మాత్రమే నిలిచిందని ఆయన సంతోషించారు.

ఈ ఉత్తరంలోని మాట మనం పట్టుకోవాలి. కుడివైపు భాగాన్ని ఆయన పారేయలేదు. దాని స్థానం దానికి చూపించారు. తెరచాప అందంగా లేక తీసేయలేదు. మధ్యభాగానికి వెళ్లవలసిన చూపును అది లాగుతోంది కాబట్టి తీసేశారు. అందమైనదాన్ని కూడా తీసేయగలగడమే దిద్దుబాటులో అన్నిటికన్నా కష్టమైన పని.

అంతకు ముందు ఏడాది, 1821లో ప్రదర్శించిన 'హే వెయిన్' ఆయన చిత్రాల్లో ఎక్కువ పేరు పొందింది. ఏటిలో నిలిచిన గడ్డిబండి, ఎడమవైపు ఒక రైతు ఇల్లు, ఒడ్డున కుక్క. ఆ ఒడ్డున మొదట గుర్రం మీద ఒక మనిషి ఉండేవాడు. కాన్‌స్టబుల్ అతణ్ణి చెరిపి, ఆ చోట ఒక పీపాను వేశారు. తరువాత దాన్ని కూడా చెరిపేశారు. అప్పుడు బండి ఒక్కటే మిగిలింది. తైలవర్ణాలు ఏళ్లు గడిచేకొద్దీ కొంత పారదర్శకంగా మారతాయి. అందువల్ల లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రంలో పాత రూపం పైరంగులోంచి మసకగా పైకి తేలుతోంది. ఆయన మనసు మార్చుకున్న గుర్తు ఇప్పటికీ అక్కడ ఉంది.

అన్నట్టు, ఆ చిత్రం లండన్ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1824లో ఒక ఫ్రెంచి వ్యాపారి ఈ రెండు పెద్ద చిత్రాలను, వాటితో పాటు ఒక చిన్న చిత్రాన్ని కలిపి 250 పౌన్లకు కొన్నారు. ఆ ఏడాది పారిస్ ప్రదర్శనలో వాటికి రాజుగారి బంగారు పతకం వచ్చింది.

గుర్రం పక్కన మోడు

1825లో 'లీపింగ్ హార్స్' అనే చిత్రం ప్రదర్శించారు. స్టౌర్ ఒడ్డున పడవలను లాగే గుర్రాలు నడిచే బాట ఉండేది. పశువులు దారి తప్పకుండా ఆ బాటకు అడ్డంగా సుమారు మూడడుగుల కంచెలు కట్టేవారు. గుర్రాలకు వాటి మీదుగా దూకడం నేర్పేవారు. అలా దూకుతున్న గుర్రమే ఈ చిత్రానికి ప్రాణం.

ప్రదర్శన ముగిసింది, చిత్రం అమ్ముడుపోక ఇంటికి తిరిగి వచ్చింది. సెప్టెంబరులో ఒకరోజు ఆయన పొద్దున్నే లేచి, గుర్రం పక్కనున్న పాత విల్లో చెట్టు మోడును తీసేశారు. చిత్రం ఎంతో మెరుగైందని తన దినచర్యలో రాసుకున్నారు. అంతమంది చూసి వెళ్లిన తరువాత కూడా, కొనేవారు లేకపోయినా, ఆయన ఆ మోడు సంగతి మరిచిపోలేదు. కొన్ని నెలల ఎడం వచ్చాక తప్పు తేటగా కనబడింది.

ఒక్క ఎర్ర చుక్క

కాన్‌స్టబుల్‌కు ప్రతిసారీ జయమే కలిగిందని అనుకోవద్దు. లండన్‌లో వాటర్లూ వంతెన ప్రారంభోత్సవాన్ని చిత్రించాలని ఆయన 1819 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. అది ప్రదర్శనకు వచ్చింది 1832లో. పదమూడేళ్లు! జనం, పడవలు, జెండాలు, ఎరుపు బంగారు మెరుగులు. ఎన్నిసార్లు దిద్దినా ఇంకా దిద్దవలసింది మిగిలేది.

ఆ ప్రదర్శనలో ఆయన చిత్రం పక్కనే టర్నర్ అనే మరో గొప్ప చిత్రకారుని సముద్ర దృశ్యం వేలాడుతోంది. అంతా బూడిదరంగు. ప్రదర్శనకు ముందు చిత్రకారులు తమ చిత్రాలకు తుది మెరుగులు దిద్దుకునే రోజులు కొన్ని ఉండేవి. కాన్‌స్టబుల్ తన జెండాలకు ఎరుపు అద్దుతూ ఉండగా టర్నర్ వచ్చి, రెండు చిత్రాలనూ చూసి, తన బూడిదరంగు సముద్రం మీద నాణెం కంటే కాస్త పెద్దదైన ఎర్ర చుక్క ఒకటి పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. తరువాత వచ్చి దాన్ని నీటిలో తేలే బోయాగా దిద్దారు. ఈ సంగతిని వారిద్దరినీ ఎరిగిన చిత్రకారుడు లెస్లీ తన జ్ఞాపకాల్లో రాశారు.

ఒకరి చిత్రంలో ఎరుపు ఎన్నో చోట్ల ఉంది. రెండవవారి చిత్రంలో ఒక్క చోటే ఉంది. చూపు దేని మీద నిలిచిందో వేరే చెప్పనక్కరలేదు. ఎరుపుకు బలం ఎరుపులో లేదు, దాని చుట్టూ ఉన్న బూడిదరంగులో ఉంది.

మీ బొమ్మను మీరే పరీక్షించండి

కుదరలేదనిపించిన బొమ్మను చింపకండి. వెంటనే దిద్దకండి కూడా. వారం రోజులు గోడవైపు తిప్పి ఉంచండి. తరువాత ఈ పరీక్షలు చేయండి.

మొదటిది, అద్దం. బొమ్మను అద్దంలో చూడండి. లియోనార్డో డావించి కూడా ఈ సలహానే రాసి ఉంచారు. ఎడమ కుడి మారగానే అలవాటుపడిన కన్ను కొత్తదవుతుంది. ఒరిగిన చెట్టు, ఒకవైపు బరువు వెంటనే తెలుస్తాయి.

రెండవది, తలకిందులు. బొమ్మను తిరగేసి పెడితే గుడిసె గుడిసెగా కనబడదు. రంగుల ముద్దలే కనబడతాయి. ఏ ముద్ద ఎక్కువ అరుస్తోందో తెలుస్తుంది.

మూడవది, సగం మూసిన కళ్లు. పదడుగుల దూరం వెళ్లి కళ్లు చికిలించి చూడండి. వెలుగు, చీకటి మాత్రమే మిగులుతాయి. అంతా ఒకే మధ్యస్థాయిలో ఉంటే బొమ్మ చప్పగా ఉంటుంది. ఇంట్లో సెల్‌ఫోను ఉంటే ఫోటో తీసి నలుపు తెలుపులో చూసినా ఇదే తెలుస్తుంది.

నాలుగవది, చేయి అడ్డం. ఒక్కొక్క వస్తువును అరచేతితో మూసి చూడండి. మూసినప్పుడు బొమ్మ మెరుగైతే ఆ వస్తువు అక్కడ అనవసరం.

చివరిగా, ఒక చిన్న వాక్యం రాసుకోండి: "ఈ బొమ్మ దేని గురించి?" "పల్లె గురించి" అని రాస్తే చాలదు. "పొద్దుగూకే వేళ చెరువుకట్ట మీద ఇంటికి తిరిగివచ్చే బండి" అని రాస్తే దారి దొరికినట్టే. ఇక కొండలు లేతబడాలి. సూర్యుడు కొండల మధ్యనుంచి తొలగి, వెలుగుగా మాత్రమే మిగలాలి. మూడు తాటిచెట్లలో బండి నెత్తిన మొలిచినట్టున్న దాన్ని తీసేయాలి. ఆకాశం సగం, నేల సగం కాకుండా ఏదో ఒకటి ఎక్కువ కావాలి. బొమ్మ అంతటిలో మిక్కిలి వెలుగు, మిక్కిలి చీకటి కలిసే చోటు బండి దగ్గరే ఉండాలి. గడ్డిపరకలు, చక్రపు ఆకులు లాంటి సన్నని పని కూడా అక్కడే చేయాలి. దూరాన ఉన్నవి మెత్తగా వదిలేయాలి.

దిద్దే పద్ధతి

రంగును బట్టి దిద్దుబాటు మారుతుంది. నీటిరంగులైతే శుభ్రమైన కుంచెను నీటిలో ముంచి, ఆ చోట తడిపి, పాత నూలుగుడ్డతో అద్ది రంగు తీయాలి. రుద్దితే కాగితం నూగు లేస్తుంది. కొన్ని రంగులు కాగితానికి పట్టేసి పూర్తిగా రావు. అలాంటప్పుడు ఇంకో కాగితం తీసుకోవడమే మంచిది. పోస్టర్ రంగులైతే కింది పూత బాగా ఆరాక చిక్కని రంగును ఒకే ఊపులో వేయాలి. పదేపదే కుంచె ఆడిస్తే కింది రంగు కరిగి పైకి వచ్చి మురికి అవుతుంది. ఆక్రిలిక్ రంగులు ఆరాక నీటికి కరగవు కాబట్టి పైన ధైర్యంగా వేయవచ్చు.

తైలవర్ణాలు తడిగా ఉంటే కత్తితో గీకి, టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవవచ్చు. కిటికీలు తెరిచి ఉంచండి, దీపానికీ పొయ్యికీ దూరంగా ఉండండి. ఆరిన తరువాతైతే పైన వేసే పూతలో కింది పూత కంటే నూనె ఎక్కువ ఉండాలి. లేకపోతే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి.

మనసు నిలవనప్పుడు

బొమ్మలో చూపు నిలవాలంటే ముందు వేసేవారి మనసు నిలవాలి. మన ఇళ్లలో అది సులభం కాదు. ఉన్నది ఒకటే గది, టీవీ మోగుతూ ఉంటుంది, చుట్టాలు వస్తారు, కరెంటు పోతుంది. కాన్‌స్టబుల్‌కు కూడా ఖాళీ జీవితం దొరకలేదు. ఇంటి ఖర్చుకు ఇతరుల ముఖచిత్రాలు వేయవలసి వచ్చేది. భార్య మరియా క్షయరోగి. ఏడుగురు పిల్లలు. 1828లో ఆమె మరణించారు. అకాడమీ పూర్తి సభ్యత్వం మరుసటి ఏడాది, ఆయనకు 52 ఏళ్ల వయసులో వచ్చింది. ఆమె దాన్ని చూడలేదు.

అయినా ఆయన పని సాగింది. దానికి ఒక అలవాటు తోడ్పడింది. ఒకసారి ఒకే విషయం మీద దృష్టి పెట్టేవారు. 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో కేవలం మబ్బులనే చిత్రించి, కాగితం వెనక తేదీ, సమయం, గాలి ఎటునుంచి వీచిందీ రాసేవారు. గడ్డిబండి చిత్రం లండన్‌లో వేస్తుండగా బండి కట్టు సరిగ్గా గుర్తు లేకపోతే ఊహించి వేయలేదు. ఊరికి కబురుపెట్టి, అక్కడి కుర్రవాడొకని చేత బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నారు.

మన పిల్లలు కూడా ఇలా చేయవచ్చు. పొద్దుటి వెలుగులో ఒక గంట, రోజూ ఒకే చోట. ఈరోజు ఆకాశం మాత్రమే, రేపు చెట్టు మాత్రమే. ఏం చేయాలో తోచనప్పుడు బొమ్మలో ఏదీ చేర్చకూడదు. బయటికి వెళ్లి ఆ చెట్టునే మళ్లీ చూసి రావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఇక్కడ ఇంకో ఆవును పెట్టరా, నిండుగా ఉంటుంది" అనకండి. "నువ్వు ఏం చూపించాలనుకున్నావమ్మా?" అని అడగండి. ఆ ప్రశ్న సలహా కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఎక్కడ ఆపాలి?

ఇతరులు చెప్పినట్టల్లా దిద్దాలా? సాల్స్‌బరీ దేవాలయాన్ని కాన్‌స్టబుల్ 1823లో అక్కడి బిషప్పుగారి కోసం చిత్రించారు. గోపురం మీద కమ్మిన నల్లమబ్బు బిషప్పుగారికి నచ్చలేదు. కాన్‌స్టబుల్ వేరే గుడ్డ తీసుకుని తేట ఆకాశంతో మరొక చిత్రం వేశారు. అది 1826లో పూర్తయింది. అప్పటికి బిషప్పుగారు లేరు. నల్లమబ్బు చిత్రం మాత్రం ఆ మబ్బుతోనే లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పెద్దల మాటను గౌరవించారు. తాను చూసిన ఆకాశాన్ని కూడా నిలుపుకున్నారు.

దిద్దుబాటుకు అంతు ఉండాలి. మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం బొమ్మలో కనబడిందా? ఇంటికి వచ్చినవారు మీరు చెప్పకుండానే బండినే చూస్తున్నారా? అయితే కుంచె కడిగేయండి. మూల ఉన్న చెట్టు ఆకులు ఇంకా బాగుండవచ్చు. అది తరువాతి బొమ్మలో చూసుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే కాగితం వెనక తేదీ వేసి, ఏది అడ్డుపడిందో ఒక ముక్క రాసి పెట్టెలో దాచండి. ఆరు నెలల తరువాత తీసి చూస్తే తీసేయవలసిన మోడు ఏదో మీకే కనబడుతుంది.